మెథనాల్ కలిపే అక్క

కాలేజీ ప్రయోగశాలలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఆగి రెండేళ్లయినా ల్యాబ్ అటెండర్ అక్క ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని, నోరెత్తకుండా పనిచేస్తోంది. ఇంధనం నుంచి నేరుగా కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ ప్రాజెక్టు పిల్లలకు మెథనాల్‌ను నీళ్లలో కలిపి ఇంధనం తయారుచేసేది ఆవిడే. కొలపాత్ర ముందు వంగి, ఈమధ్య మసగ్గా కనబడుతున్న గీత కంటికి సమంగా వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది.

"అక్కా, ఈ సీసాతో బల్బు నెలంతా వెలుగుతుంది!" అని ఒక విద్యార్థి లెక్క చదివి వినిపించాడు.

"నీళ్లక్కూడా శక్తి కట్టావేంట్రా నాయనా? మెథనాల్ వందలో మూడు పాళ్లే. నెల కాదు, ఒక్కరోజు," అని నవ్వింది.

మరునాడు బల్బు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. దాని ఎదురుగానే నిలబడ్డ అక్క, "వెలిగిందా?" అని అడిగింది.

మెథనాల్ ఆవిరి చూపును తినేస్తుంది. మీ పిల్లల కాలేజీకి వెళ్లండి. అక్కడ ఇంధనం కలిపేవాళ్ల కళ్లకు పూచీ ఎవరో అడగండి, జవాబిచ్చేదాకా కదలకండి.