అమ్మమ్మ తెల్ల జాకెట్టు

రూతమ్మను తీసుకుపోవడానికి దేవదూత దిగివస్తే, ఆమె అతని చేతికి సంచి ఇచ్చి పాలకూరకు పంపిస్తుంది. బేరమాడడం రాదని తిట్టి మళ్లీ పంపిస్తుంది. ఆ తిరుగుడుకు విసిగి అతను వచ్చిన పని మరిచి ఎగిరిపోతాడు. కొత్తవాడలో రూతమ్మ ఎలా ఉందని ఎవరు అడిగినా ఆమె మనవరాలు ప్రీతి చెప్పే మాట ఇది. పైకి నవ్వుతూనే చెబుతుంది. లోపల మాత్రం, ఆ దూత సందు మలుపు దాకా వచ్చేశాడేమోనని దడ.

ప్రీతి తల్లి పోయింది ఒక ఆదివారం. బట్టల దుకాణాలు మూసి ఉన్నాయి. శవపెట్టెలో పడుకోబెట్టడానికి ఎవరో తెల్లచీర, జాకెట్టు ఇచ్చారు గానీ, ఆ జాకెట్టు పట్టలేదు. వీపు వెనక కత్తిరించి తొడిగారు. మగ్గం మీది జంపఖానా అంచు వెంట్రుకవాసి వంకరపోయినా ఊడదీసి మళ్లీ నేసే రూతమ్మ, బిడ్డ వీపు మీది ఆ కత్తిరింపును మరిచిపోలేదు. ఇంటర్ మధ్యలో మానేసిన మనవరాలు కుట్టుమిషను ముందు కూర్చోగానే తెల్లగుడ్డ తెచ్చి ఒళ్లో వేసింది.

"నాకొక జాకిట్ కుట్టు బిడ్డా. పోయేనాటికి తయారుండాలె."

"ఎందుకే ముసల్దానా, ఫ్యాషన్ షోకు పోతానవా?"

ప్రీతి దారం లేదంది, సూది విరిగిందంది, కొలతలు పోయాయంది. అసలు సంగతి వేరు. ఆ జాకెట్టుకు చివరి హుక్కు కుట్టిన రోజే అమ్మమ్మ వెళ్లిపోతుందని ఆమె భయం. తల్లి తర్వాత ఆమెకు మిగిలింది ఈ ఒక్క మనిషే.

మొన్న క్రిస్మస్ ముందు రూతమ్మ అలిగి అన్నం మానేసింది. ఇక తప్పలేదు. ప్రీతి కుట్టి, పొద్దున్నే ఆమె చేతికిచ్చి, తను పనిచేసే టైలర్ షాపుకు పోయింది.

మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం మీద రూతమ్మ తెల్లచీర, తెల్ల జాకెట్టుతో, చేతులు రొమ్ము మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు మూసి ఉన్నాయి.

"అమ్మమ్మా."

పలకలేదు.

ప్రీతికి ఆ చివరి హుక్కు గుర్తొచ్చింది. ఆ హుక్కు కుట్టింది తనే. పళ్లతో దారం తెంపిందీ తనే. గోడ పట్టుకుని మంచం దాకా వెళ్లి పాదం ముట్టుకుంది. చల్లగా ఉంది.

"నేనే సంపిన," అంటూ అక్కడే కూలబడింది.

పాదం ఆమె చేతిలోంచి మెల్లగా వెనక్కి జరిగింది.

"సక్కిలిగిలి పెట్టకు," అంది రూతమ్మ, కళ్లు తెరవకుండానే. "పండుకుంటే ఎట్లుంటదో చూస్తాన. ఇది నిలబడి తొడుక్కునేది కాదు గదా."

"పిలిస్తే పలుకరాదా మరి?"

"పలికితే పోయినట్టెట్లయితది?"

ప్రీతి ముసల్దాన్ని తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియక, పాదాన్ని మళ్లీ లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"సంకల కాడ బిగుసుగైంది. జర కుట్టు ఇప్పు," అంది రూతమ్మ.

"నేను ఇప్ప. గది బిగుసుగున్నన్ని దినాలు నువ్వు యాడికి పోవు."

"ఇప్పకుంటే ఊపిరాడక ఇయ్యాలనే పోత."