ఎనిమిదో మడికి సున్నా

మా పక్కింటి బాపిరాజు గారికి మర్యాద ఒక జబ్బు. ఎదుటివాళ్ళది ఏదైనా బ్రహ్మాండం, తనది ఏదైనా "ఏదోలెండి". కాఫీ ఇస్తూ "నీళ్ళలా ఉంటుందండి, ఏమనుకోకండి" అంటారు. యాభై ఏళ్ళుగా వింటున్నాను, ఒళ్ళు మండిపోతుంది.

వరి పరిశోధన కేంద్రం నుంచి ప్రియాంక అనే శాస్త్రవేత్త వచ్చి, ఆయన పల్లపు చేలో ఎనిమిది మడులు కట్టించింది. ఏడింట్లో కేంద్రం వాళ్ళ కొత్త వంగడాలు. ఎనిమిదోదాంట్లో బాపిరాజు గారి నాయనమ్మ కాలం నుంచి దాచుకొస్తున్న గింజ. ఇంకెవరి దగ్గరా లేదది. రైతే పదికి మార్కులు వెయ్యాలి. అయిదు దాటినవాటిని కేంద్రం తీసుకుని ఇంకా మెరుగు చేస్తుంది, మిగతావి వదిలేస్తుంది. తను పోయాక కూడా ఆ గింజ బతకాలని ఆయన ఆశ. నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు కూడా.

అక్టోబరు వానలకి చేలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నీరు తీసేసరికి ఏడు మడుల్లోనూ పైరు చాపలా పరుచుకుని ఉంది. ఎనిమిదోది నిలబడి ఉంది.

ప్రియాంక మార్కుల కార్డు చేతికిచ్చింది. ఈయన ఏడింటికీ పదేసి వేసి, ఎనిమిదోదానికి సున్నా చుట్టారు!

"రాజు గారూ, ఒకటో మడి పడిపోయింది కదండీ?"

"పడింది గానండి, ఎంత మర్యాదగా పడిందో చూడండి. పక్క మడి మీద పడలేదు."

"మరి మీదానికి సున్నా ఏంటండీ?"

"మాదేముందండి. ఏదో నిలబడింది."

"మీరు వేసిన మార్కే చెల్లుతుందండి. సున్నా అంటే మీ గింజ ఇక్కడితో సరి."

"ఆయ్," అంటూ కార్డు ఆవిడకి తిరిగిచ్చేశారు.

కాఫీ గ్లాసులతో గట్టు మీదకొచ్చిన ఆయన భార్య అచ్చాయమ్మ గారు అంతా విన్నారు.

"ఆ సున్నా నాకు అలవాటేనండి మేడమ్ గారూ. చుట్టాలొస్తే చాలు, నా వంటని 'ఏదో ఉడకేసిందండి' అంటారు. నలభయ్యేళ్ళయింది. నేనూ నిలబడే ఉన్నాను కదండీ."

బాపిరాజు గారు కార్డు అడిగి పుచ్చుకుని, సున్నా కొట్టేసి అయిదు వేశారు. అచ్చాయమ్మ గారు కదల్లేదు. అది కొట్టేసి ఏడు వేశారు. చివరికి తొమ్మిది.

"ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించేరండి?" అంది ప్రియాంక.

"మనది కదండీ మరి."

పడిపోయిన ఏడింటికీ పదికి పది, నిలబడినదానికి ఆఖరి ర్యాంకు. పోనీ, గింజ బతికింది.

ఆయన గ్లాసు తీసి ప్రియాంకకి అందిస్తూ అలవాటుగా నోరు తెరిచారు. భార్య వైపు చూసి ఆగిపోయారు.

"కాఫీ బాగుంటుందండి," అన్నారు. "తాగండి."