గుమ్మిలోంచి వినిపించిన పేరు

పోలీసు యాక్షన్ జరిగిన వారంలోని సంగతి ఇది. నాకప్పుడు పదహారేళ్లు. కేతేపల్లి దగ్గరి పల్లెకు కొత్తగా కాపురానికి వచ్చాను. రజాకార్ల మీది కోపం ఏ పాపం ఎరుగని ముస్లింల మీదికి మళ్లింది. ఒక మధ్యాహ్నం మా పక్కింటి ఖాసింబీ పరుగెత్తుకొచ్చింది. మా అత్తమ్మ ఆమెను జొన్నలు పోసే, సగం ఖాళీగా ఉన్న వెదురు గుమ్మిలో దాచి, పైన తడక మూసింది.

కాసేపటికే కర్రలు, గొడ్డళ్లతో నలుగురు వాకిట్లోకి వచ్చారు. ఇంట్లో మగవాళ్లు లేరు. సరిగ్గా అప్పుడే గుమ్మిలోంచి సన్నగా, "యా అల్లా... యా అల్లా..." అని వినిపించింది. భయంలో ఆమెకు తెలియకుండానే ఆ పేరు బయటికి వస్తోంది.

అత్తమ్మ గుమ్మికి వీపు ఆనించి కూర్చుని, "నర్సింహా! నర్సింహా!" అని గట్టిగా అనసాగింది. "నువ్వు గూడ అను బిడ్డా," అంది నాతో. మొదట పెదవులతోనే, ఊపిరికొక్కసారి అనుకుంటూ పోతే మెల్లగా మాట వచ్చింది.

"గా ఖాసింబీ ఇటొచ్చిందా?" గడప మీద నిలబడి ఒకడు అడిగాడు. అత్తమ్మ జపం ఆపకుండానే తల అడ్డంగా ఊపింది. వాడు గుమ్మి వైపే చాలాసేపు చూశాడు.

"ముసలామె జపంల ఉన్నది, పోదాం పా," అన్నాడు వెనకవాడు.

వాళ్లు వెళ్లాక తడక తీస్తే ఖాసింబీ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. "మీరు అంటాంటె ఇనుకుంటనే ఊపిరి తీసుకున్న అక్కా," అని అత్తమ్మ చేయి పట్టుకుంది.

ఇప్పటికీ, ఈ ముసలితనంలో దవాఖానకు పోయినప్పుడు గుండె దడదడలాడితే కళ్లు మూసుకుంటాను. ముందు ఏ పేరు నోటికొస్తుందో నాకే తెలియదు. రెండూ వస్తాయి.