లెక్క రాకముందే పెట్టిన సంతకం

1976 అక్టోబరులో నన్ను విజయవాడలో సూక్ష్మజీవుల ఎరువులు తయారుచేసే ప్రయోగశాలకు సహాయకురాలిగా వేశారు. గవర్నర్‌పేటలో, కింద టోకు దుకాణాలున్న ఒక మేడ మీద మూడు గదులే ఆ ప్రయోగశాల. రైజోబియం అనే బాక్టీరియాను పెంచి, మెత్తటి నల్లపొడిలో కలిపి, పాకెట్లు కట్టి పల్లెలకు పంపడం మా పని. ఈ బాక్టీరియా మినుము, పెసర, బొబ్బర వంటి అపరాల వేళ్ళలో చేరి చిన్న బుడిపెలు కడుతుంది. వాటిలో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. రైతు ఆ పొడిని బెల్లంనీళ్ళలో కలిపి విత్తనాలకు పట్టించి, నీడన ఆరబెట్టి చల్లుకోవాలి. మా పాకెట్లను ఊళ్ళలో బొగ్గుపొడి అనేవారు.

ఆ ఏడు కాలువ దిగువ ఊళ్ళకు రెండో పంటగా వేసే దాళ్వా వరికి నీళ్ళు రావని తెలిసి, ఎప్పుడూ రెండు పంటలూ వరే వేసేవాళ్ళు మినుము వైపు తిరిగారు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే మినుములు చల్లుతారు. ఆ తడి దాటితే మొలక రాదు. అందుకని పాకెట్లకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

మేము తయారుచేసే ప్రతి విడతకూ ఒక కార్డు ఉండేది. ముందు పొడిని ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో ఉడికించే పాత్రలో పెట్టి, అందులో ఉన్న క్రిములన్నిటినీ చంపాలి. తరవాత మన బాక్టీరియాను కలిపి, చిటికెడు పొడిని కాంగో రెడ్ అనే రంగు వేసిన పళ్ళెంలో పెంచి చూడాలి. రైజోబియం ఆ రంగును పెద్దగా పీల్చుకోదు, తెల్లటి చుక్కలుగా లేస్తుంది. చొరబడ్డ క్రిములు చాలావరకు ఎర్రబడతాయి. తెల్లచుక్కల లెక్క తేలడానికి నాలుగైదు రోజులు పడుతుంది. లెక్క సరిపోతేనే కార్డు మీద సంతకం.

నవంబరులో ఏడో విడత పొడి ఉడుకుతుండగా కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదటినుంచి ఉడికించాలని నిబంధన. నేను మిగిలిన కాసేపే ఉడికించి దించేశాను. పాకెట్లు కట్టిన రోజునే పామర్రు వైపు గ్రామసేవక్ ప్రభాకరరావు గారు వచ్చి కూర్చున్నారు. కొన్ని ఊళ్ళ రైతులకు వ్యవసాయ శాఖ తరఫున సలహాలు చెప్పే ఉద్యోగి ఆయన. వారంలో చల్లకాలు మొదలవుతాయి, ఇవాళ ఇవ్వకపోతే ఇచ్చినా దండగేనన్నారు. పళ్ళేలు అప్పుడే వెచ్చటి పెట్టెలో పెట్టాను, లెక్క రాలేదు. అయినా సంతకం పెట్టి ఇచ్చేశాను.

అయిదో రోజు పొద్దున పళ్ళేలు తీస్తే అంతా ఎరుపే. తెల్లచుక్కలు వెతుక్కోవలసి వచ్చింది. దాచిన నమూనా పాకెట్లు రెండు విప్పి మైక్రోస్కోపు కింద కూడా చూశాను. అనుమానానికి తావు లేదు.

మా అధికారి శేషగిరిరావు గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కారు. దీనివల్ల మొక్కలు చావవు, కాపు కాస్త తగ్గుతుందేమో అంతే అన్నారు. ఇప్పుడు వెళ్ళి మా పాకెట్లు పనికిరావంటే ఆ ఊళ్ళలో ఇంకెప్పుడూ ఎవరూ వాటిని ముట్టుకోరని కూడా అన్నారు. అందులో నిజం లేకపోలేదు. టూరు ఆర్డరు మాత్రం ఇవ్వనన్నారు.

"కార్డు మీద సంతకం నాది సార్. నేను వెళ్ళి చెప్పాలి," అన్నాను.

ఆయన, సెలవు చీటీ రాసిస్తే మంజూరు చేస్తానన్నారు. రాసిచ్చి బందరు బస్సెక్కి పామర్రులో దిగాను.

ప్రభాకరరావు గారు నా మాట విని తల పట్టుకున్నారు గాని, సైకిలు తీసి నాతో ఇల్లిల్లూ తిరిగారు. చాలా పాకెట్లు ఇంకా విప్పనే లేదు, వెనక్కి తీసుకున్నాం. ఇద్దరు రైతులు అప్పటికే చల్లేశారు. వాళ్ళలో ఒకాయన నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టి, చదువుకున్నవాళ్ళు చేసే పనేనా ఇది అని అడిగారు.

చివరికి షేక్ ఖాసిం గారింటికి వెళ్ళాం. ఆయన మూడెకరాలు కౌలుకు చేస్తున్నారు. ఆ చేలో ఏళ్ళ తరబడి వరి తప్ప మరొకటి వేయలేదు, అందుకని ఆ మట్టిలో ఈ బాక్టీరియా దాదాపు ఉండదు. మూడు రోజుల్లో కోత. కొత్త విడత తయారుకావాలంటే పది రోజులు పడుతుంది.

పాకెట్లు లేని రోజుల్లో, అపరాలు బాగా పండిన చేని మట్టి తెచ్చి కొత్త చేలో చల్లేవారని చదువుకున్నాను. అది చెబితే ఖాసిం గారు నవ్వారు. ఆయన భార్య ఫాతిమాబీ నవ్వలేదు.

"ఆ మట్టిలో ఉందని మీకెట్టా తెలుసమ్మా? పాకెట్లోనూ ఉందనే గదా ఇచ్చారు," అంది.

"ఈసారి మీ కళ్ళముందే చూపించి చెప్తాను," అన్నాను.

ఊరి బయట మెరక చేలో బొబ్బర్లు నిలబడి ఉన్నాయి. ఏటా అందులో అపరాలేనట, తెగులు కూడా లేదు. పార అడిగి తీసుకుని, వేళ్ళు తెగకుండా ఒక మొక్కను మట్టిగడ్డతో పెకలించాను. వేళ్ళ నిండా బుడిపెలు. బ్లేడుతో ఒకదాన్ని కోశాను. లోపల ఎర్రగా ఉంది. ఎర్రగా ఉంటే పనిచేస్తున్నట్టు లెక్క, వెలిసిపోయి ఉంటే లేనట్టు. ఫాతిమాబీ బ్లేడు తీసుకుని తనే మరో రెండు కోసి చూసింది.

"బండి కట్టు," అంది భర్తతో.

ఆ చేని ఆసామిని అడిగి, ఎకరానికి బండి చొప్పున మట్టి తోలారు. ఎండ తగిలితే బాక్టీరియా చస్తుందని తడిగోనెలు కప్పించాను. మర్నాడు పొద్దు వాలాక వరి దుబ్బుల మధ్య మినుములూ మట్టీ చల్లారు. ఒక్క మడికి మట్టి వేయవద్దని అడిగాను, పోల్చి చూడాలి గదా. ఖాసిం గారు మూల మడి చూపించారు.

నెల దాటాక మళ్ళీ సెలవు పెట్టి వెళ్ళాను. మూల మడిలో ఆకు పాలిపోయి ఉంది, వేళ్ళకు అక్కడొకటి ఇక్కడొకటి బుడిపె. మట్టి చల్లిన చోట ఆకు ముదురాకుపచ్చ, వేళ్ళకు దండిగా బుడిపెలు. ముందే చల్లేసిన ఇద్దరి చేలూ మూల మడిలాగే ఉన్నాయి. ఒకాయన మరుసటి ఏడు పాకెట్లు తీసుకున్నారు. గుమ్మంలో నిలబెట్టినాయన, నేను ఆ కొలువులో ఉన్నన్నాళ్ళూ తీసుకోలేదు.

జరిగినదంతా రాసి శేషగిరిరావు గారికి ఇచ్చాను. నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాశారు. అది న్యాయమే.

ప్రాణమున్న సరుకును చూసి గాని బాగుందని చెప్పకూడదు. పొరపాటున చెబితే, కాదని చెప్పడానికీ మనమే వెళ్ళాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ఆ తరవాత లెక్క రాని విడతను ఎవరడిగినా గది దాటనివ్వలేదు. ఆలస్యమవుతోందని రెండుసార్లు మెమోలు వచ్చాయి. పళ్ళేల లెక్కలు జతచేసి జవాబు రాశాను.