తిరిగి చెప్పించుకునే ఆయమ్మ

మా ఆస్పత్రి ఆయమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. ఆడవాళ్ల వార్డు నుంచి ఆ కబురు వచ్చేసరికి నేను డాక్టరు దొర పక్కన నిలబడి ఎవరి దగ్గునో ఫ్రెంచిలోకి మారుస్తున్నాను. వరసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు. వాళ్లందరూ అయ్యాకే వెళ్లి చూడగలిగాను.

నా పని గురించి కాస్త చెప్పాలి. దొరకు మన మాట రాదు, మనవాళ్లకు ఫ్రెంచి రాదు. నడుమ నేను, దుబాసిని. ఇరవై ఏళ్లుగా ఒకరి నోటి మాట ఇంకొకరి చెవిన వేసి వేసి అలసిపోయాను. అలసిన దుబాసి ఏం చేస్తాడు? కుదిస్తాడు. దొర ఎంత విడమరిచి చెప్పినా నేను "మూడు పూటలా మందు తాగు, పో" అనేవాణ్ణి. రోగి తలాడించేవాడు. తెల్లదొర ముందు మనవాళ్లు దేనికైనా తలాడిస్తారు.

ఆయమ్మ పని గదులు ఊడవడం, కట్టుగుడ్డలు ఉతకడం. అయినా వరండా మెట్టు మీద కూర్చుని, బయటికి వెళ్లేవాళ్లను ఆపి, "దొర ఏం చెప్పినాడో నాకోసారి చెప్పు" అనేది. చెప్పలేకపోతే చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తెచ్చేది.

"తంబీ, ఈయనకు ఏందీ తెలీలా. ఇంకోసారి చెప్పు."

నాకు ఒళ్లు మండేది. "నీ పని నువ్వు చూసుకో ఆయమ్మా" అని కసిరేవాణ్ణి.

"ఇదీ నా పనేలే" అని నవ్వేది గానీ కదిలేది కాదు.

ఒకసారి ఏంబలం పల్లె నుంచి ఒక చిన్నపిల్లలాంటి తల్లి వచ్చింది. ఒళ్లో బిడ్డ విరేచనాలతో తోటకూరకాడలా వేలాడిపోతోంది. బిడ్డకు కాచిన నీళ్లు, గంజినీళ్లు పడుతున్నావా అని దొర అడిగాడు, నేనూ అడిగాను. "పడతన్నా సామీ" అంది. దొర మందు ఇచ్చి పంపాడు. వరండాలో ఆయమ్మ బిడ్డ పెదాలు తడిమి చూసి, ఆమె పక్కనే చతికిలబడింది.

"ఇంట్లో మీ అత్త ఏం చెప్పింది పాపా?"

ఆ పిల్ల భోరుమంది. "నీళ్లు పడితే విరేచనం ఇంకా ఎక్కువ పోతాదంట. రెండు దినాలుగా చుక్క పొయ్యలేదు. దొరకు చెప్తే తిడతాడని భయమయింది."

ఆయమ్మ తిట్టలేదు. గంజినీళ్లు తెచ్చి, ఆ తల్లి చేతే చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించింది. తర్వాత లోపలికి తీసుకొచ్చి జరిగినదంతా నా చేత దొరకు చెప్పించింది. దొర బిడ్డను నాలుగు రోజులు ఆస్పత్రిలోనే ఉంచుకున్నాడు. బిడ్డ బతికింది. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత మాటలు కుదించడం పూర్తిగా మానేశానని చెప్పలేను, తగ్గించాను. చదువు లేని ఆ మనిషి దగ్గరే నా పని నేర్చుకున్నాను.

పోయిన నెల ఆయమ్మే మంచాన పడింది. కడుపులో గడ్డ. దొర నొక్కి చూసి నాతో చాలాసేపు మాట్లాడాడు. నేను ఆమె వైపు తిరిగి, "తగ్గిపోతాదంట ఆయమ్మా, మందు తాగమన్నాడు" అన్నాను.

దొర పక్క మంచానికి వెళ్లేదాకా ఆగింది.

"దొర అంతసేపు మాట్లాడినాడే. నువ్వు చెప్పింది ఇంతేనా? మిగతాది యాడ పెట్టినావు తంబీ?"

జాలి అనుకుని ఎంతోమందికి ఇలాగే అబద్ధం చెప్పాను. వాళ్లు చివరిసారి ఎవరిని చూడాలనుకున్నారో ఒక్కరినీ అడగలేదు. ఈసారి చెప్పేశాను. కొయ్యడం కుదరదని, నెల దాటడం కష్టమని, కావలసినవాళ్లను పిలిపించుకోమన్నాడని. ఏడుస్తూనే అంతా చెప్పాను.

ఆమె కొంగు సవరించుకుంది. "కిరుమాంబాక్కంలో నా కూతురుంది. రేపే రమ్మని కబురు పంపు" అంది.

సరేనన్నాను. గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాను. అది చూసి ఆయమ్మ నొప్పికి పళ్లు బిగపట్టి, మెల్లగా కాళ్లు ముడుచుకుని, మంచం చివర నాకు కూర్చోవడానికి చోటిచ్చింది.