పుట్టని మిషనుకు ప్రార్థన

మా ఇళ్లలో కొత్త వస్తువేది వచ్చినా ప్రార్థన పెట్టించాల్సిందే. కుట్టుమిషనైనా, సైకిలైనా చర్చి అయ్యగారు వచ్చి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించేదాకా ఎవరూ వాడరు. కాశిబుగ్గలో మా పక్కింటివాళ్లు సీలింగు ఫ్యానుకు కూడా పెట్టించారు. పాపం, అయ్యగారు స్టూలెక్కాల్సి వచ్చింది.

ఎనభైల్లో నాకు ఫిజిక్సు పరిశోధనలో సీటొచ్చింది. దవాఖానలో కంపౌండరైన మా బాపుకేమో నన్ను బడిలో టీచరుగా చూడాలని కోరిక. ఆ ఉద్యోగం దాదాపు ఖాయమైంది కూడా. ఇటు యూనివర్సిటీలో మా ప్రొఫెసరు నా ముందొక ప్రశ్న పెట్టారు: అణువులు నడిచే నియమాలతోనే లెక్కలు చేసే కంప్యూటరు సాధ్యమేనా? అప్పటికి ప్రపంచంలోనే అది కొత్త ప్రశ్న. సంతోషంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటికొచ్చి "కంప్యూటరు మీద పని బాపూ" అన్నాను.

బాపు కొంచెం మెత్తబడ్డాడు. "జర ఆగు. ముందుగాల ప్రార్థన కానీ, టీచరు పని సంగతి అటెన్క జూద్దాం" అన్నాడు. అని ఊరుకున్నాడా! ఆదివారం చర్చిలో కనబడ్డ వాళ్లందరికీ, "మా బిడ్డ కంప్యూటర్ చేస్తాంది, రాండ్రి" అని చెప్పేశాడు.

ఆ సాయంత్రం ఇల్లంతా జనం. అమ్మ బల్ల తుడిచి, పువ్వులు కుట్టిన గుడ్డ పరిచింది. కంప్యూటరు పెట్టడానికట. నన్నెవరైనా అడిగితే కదా! "దాంట్ల పాటలొస్తయా?" అని మేనత్త ఆరా తీస్తోంది. కీర్తనలయ్యాక అయ్యగారు లేచి బల్ల వైపు చూశారు.

"మిషనేదమ్మా?"

"లేదు అయ్యగారూ."

"యూనివర్సిటీల ఉన్నదా?"

"ఆడ గూడ లేదు. అసలు అట్లాంటిది అయితదా అని కాగితం మీద లెక్కలు చేసుడే నా పని."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను బాపు వైపు చూడలేకపోయాను. ఇంతమందిలో పరువు పోయింది, ఇక టీచరు ఉద్యోగమే గతి అనుకున్నాను.

"ఢిల్లీల ఉన్నదా బిడ్డా?" అన్నాడు బాపు.

"లేదు బాపూ."

"రష్యాల?"

"లేదు."

"అమెరికోళ్ల కాడ?"

"ఎవ్వల కాడ లేదు. అందరు ఇప్పుడిప్పుడే మొదలువెడుతాండ్రు."

ఒక్కో జవాబుకూ ఆయన మొహం విప్పారుతూ వచ్చింది. నా భుజం పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించాడు.

"మిషను ఇంక పుట్టలే అయ్యగారూ. పుడితే దీని తలకాయలనే పుడతది. దాని మీదనే పెట్టుండ్రి చెయ్యి."

అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, తలనూ పుట్టని మిషనునూ కలిపి ప్రార్థించారు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు, మేనత్త మరీ గట్టిగా. తరవాత మిర్చి బజ్జీలు, చాయ్. గుడ్డతో సహా ఆ బల్ల నాదైపోయింది. నా మొదటి లెక్కలన్నీ దాని మీదే చేశాను. ఆ లెక్కలే నాకు జీవితాంతం సరిపోయే పనిచ్చాయి.

మర్నాడు బడి పెద్దమేడం దవాఖానకు వెళ్లి, నేనెప్పుడు చేరతానని బాపును అడిగిందట.

"చేరదమ్మా. మా బిడ్డకు పని దొరికింది."

"అట్లనా! ఏం పని?"

"ఇంక పుట్టలే" అన్నాడట బాపు, మందు కలుపుతూనే. "పుట్టినంక నేనే వచ్చి చెప్త."