అరికాలు తిప్పి చూడలేదు

మదీనాలో ఆరో రోజు ఉదయం అమ్మ నడిచి వచ్చిన గచ్చు మీద తడి మరకలు కనిపించాయి. నమాజుకి ముందు చేతులూ కాళ్ళూ కడుక్కునే వజూ చేసి వచ్చింది కదా, నీళ్ళేలే అనుకున్నాను. నీళ్ళు ఎర్రగా ఉండవు. కూర్చోబెట్టి అరికాలు తిప్పి చూస్తే వేళ్ళ కింద తోలు లేచిపోయి పచ్చిగా ఉంది. "ఇదేటమ్మా!" అని అరిచాను. "ఏటే? నాకేటీ నొప్పి నేదే," అంది అమ్మ, తస్బీ పూసలు తిప్పుకుంటూనే.

సాలూరు నుంచి హజ్‌కి ముగ్గురం వెళ్ళాం. అమ్మ, లారీ టైర్ల షాపు నడిపే మా అన్నయ్య, నేను. అమ్మకి రెండేళ్ళుగా సుగర్. అందుకే పిల్లల్ని తను చూసుకుంటానని మా ఆయన నన్ను తోడు పంపారు. సుగర్‌కి డాక్టరు మాత్రలిచ్చి తీపి మానమన్నారు గాని కాళ్ళ సంగతి చెప్పలేదు. బొంబాయిలో ఓడ ఎక్కేముందు కూడా టీకాల కాగితాలు చూసి పంపేశారు.

మక్కాలో హజ్ బాగానే జరిగింది. మదీనాలో బస్సు దిగగానే అన్నయ్య చెప్పులు విప్పేశాడు. "ప్రవక్త నడిసిన నేల మీద మనకి సెప్పులేటమ్మా?" అన్నాడు. అమ్మ కూడా విప్పి నా చేతికిచ్చింది. అది మతం పెట్టిన విధి కాదు, మన భక్తి కొద్దీ చేసేది. నేను రెండో రోజే కాళ్ళు మండి మళ్ళీ తొడుక్కున్నాను. అమ్మ చెప్పులు మాత్రం నా సంచిలోనే ఉన్నాయి. కుబా మసీదుకీ, ఉహుద్ కొండ దగ్గర అమరుల సమాధులకీ కాలిన రాళ్ళ మీద ఆమె ఉత్తికాళ్ళతో నడుస్తుంటే, ఆ సంచి మోస్తూ పక్కనే నడిచాను. మా అమ్మకి ఎంత ఓపిక అని మురిసిపోయాను కూడా. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పుండు చూసి అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "ఇంత పుండుకి నొప్పి నేదంటే ఈ నేల బరకత్తే, దీవెనే!" మక్కా నుంచి తెచ్చిన పవిత్ర జమ్‌జమ్ నీళ్ళతో కడిగి గుడ్డ కట్టాడు. ఆ గుడ్డ చింపి ఇచ్చింది నేనే.

తిరుగు ఓడలో డాక్టరు కట్టు మార్చి, "ఊరు చేరగానే ఆసుపత్రికి వెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు," అని హిందీలో గట్టిగానే చెప్పారు. తీరా రైలు దిగేసరికి పూలదండలు. హజ్ చేసొచ్చిన మనిషి చేతులు కళ్ళకద్దుకోవడానికి వారం రోజులు ఇంటినిండా జనం. వాళ్ళకి ఖర్జూరాలు పంచుతూ అమ్మా తినేది. "మదీనా ఖర్జూరం ఏటి సేస్తాది?" అనేది. కాలు మీద దుప్పటి, వాసన తెలియకుండా దుప్పటి మీద అత్తరు. ఆసుపత్రికి పదమంటే అన్నయ్య, "జనం ఎల్లిపోనియ్యే. హజ్ సేసొచ్చిన మనిసికి ఈ పుండేటని అడుగుతారు," అనేవాడు. జనానికి ఏం చెప్పాలన్న బెంగే గాని, కాలు ఏమవుతుందన్న బెంగ లేదు! ఎనిమిదో రోజు అమ్మ జ్వరంతో వణికిపోయింది. అప్పుడు కదిలాం.

మా ఊరి డాక్టరు అమ్మ యూరిన్‌ని ట్యూబులో మందు కలిపి కాచారు. నీలం మందు ఇటుక రంగుకి తిరిగింది, అంటే సుగర్ బాగా ఎక్కువని. నల్లబడిన వేళ్ళు చూసి, వెంటనే విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చారు.

అక్కడ సర్జన్ గారు పాదంలో సూదితో గుచ్చితే అమ్మకి తెలియనే లేదు. "న్యూరోపతి. సుగర్‌తో కాలి నరాలు మొద్దుబారాయి. నొప్పి లేకపోవడమే జబ్బు," అన్నారాయన. "గాంగ్రీన్ వచ్చింది. రెండు వేళ్ళు తీసేయాలి. పైకి పాకితే మోకాలి కింద యాంపుటేషన్." అన్నయ్య గోడకి ఆనుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. "ఇప్పుడేడిసి ఏటి సేస్తావు? ఎనిమిది రోజులు దుప్పటి కప్పినోడివి నువ్వు కాదేటి?" అని వార్డంతా వినేలా అరిచాను. అమ్మ ఒక్కటే అడిగింది. "కాలు పోతే నిలబడి నమాజు సెయ్యగలనా బాబూ?" ముందు ఆపరేషన్ కానివ్వమన్నారు ఆయన.

రెండు వేళ్ళు తీశారు. పదిహేను రోజులకి మూడోది నల్లబడితే మళ్ళీ థియేటర్. రెండు నెలలు పెన్సిలిన్, ఇన్సులిన్, రోజూ డ్రెస్సింగ్. చివరికి పాదం నిలిచింది.

ఇప్పుడు రోజూ గాజు సిరంజి మరగబెట్టి అమ్మకి ఇన్సులిన్ నేనే ఇస్తున్నాను. అన్నయ్య లారీ టైరు కోసి, లోపల మెత్తటి గుడ్డ మడతలు వేసి ఆమెకి చెప్పులు కుట్టాడు. ఇంట్లో కూడా అవే. మొన్న శుక్రవారం అమ్మ ఐదు పూటలా నిలబడే నమాజు చేసింది. అన్నయ్య మీద కోపం సగం తగ్గింది. నా మీద నాకు తగ్గలేదు. మదీనాలో ఆ ఐదు రోజులూ, రోజుకి ఐదుసార్లు, వజూలో అమ్మ కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోసింది నేనే. పాదం పైన చూశాను గాని కింద చూడలేదు.

మీ ఇంట్లో సుగర్ ఉన్నవాళ్ళుంటే, వాళ్ళు ఎలాగూ కాళ్ళు కడుక్కుంటారు. అప్పుడు, రోజుకి ఒక్కసారైనా అరికాలు తిప్పి, వేళ్ళ సందులతో సహా చూడండి. నొప్పి ఉందా అని మాత్రం అడగకండి. లేదనే చెబుతారు.